కచ్చాకుట్టు

పెదాల మధ్య గుండుసూదులు బిగబట్టుకుని, సూదమ్మ వదినగారి ఒంటి మీదున్న గౌను పక్కకుట్టు సరిచూస్తోంది. ముదురు నీలం గుడ్డ, దాని మీద తెల్లదారంతో వేసిన కచ్చాకుట్టు. కచ్చాకుట్టంటే తాత్కాలికం. గుడ్డ కదలకుండా పెద్దపెద్ద టాకాలు వేసి, మనిషికి తొడిగి చూసి, సరిపోయిందనుకున్నాక మెషిన్ మీద పక్కాకుట్టు వేస్తారు. అప్పుడు తెల్లదారం లాగిపారేస్తారు. ఎక్కడుందో కనబడాలనే తెల్లదారం వాడతారు.

బట్టలు సరిచేసే కొట్టు ఆ వీధిలో అదొక్కటే. ముందు గదిలో నిలువుటద్దం, బల్ల, వదినగారి కుర్చీ. వెనక గదిలో మెషిన్, ఇస్త్రీ బల్ల, ఎండ మొహం ఎరగని కిటికీ, సూదమ్మ. కొట్టు పెట్టిన అన్నయ్య వరసకు పెద్దనాన్న కొడుకు. ఆమెను పని వీసా మీద ఈ దేశానికి రప్పించిందీ, సరదాకి సూదమ్మ అని పేరు పెట్టిందీ ఆయనే. ఆయన పోయాక కొట్టూ సూదమ్మా కలిపి వదినగారి చేతికొచ్చాయి. చిక్కినవాళ్ళకి బిగించడం, ఒళ్ళు చేసినవాళ్ళకి వదలడం, పొడుగు ప్యాంట్లు కురచ చెయ్యడం. వంగి వంగి మెడ ఒక పక్కకి ఒరిగిపోయింది. ఎడమచేతి చూపుడువేలి కొస జల్లెడయింది. మాట్లాడితే సూదులు రాలతాయని మాటలు మానేసిందో, మాట్లాడటానికేమీ లేక సూదులు నోట్లో పెట్టుకుందో చెప్పడం కష్టం.

ఆమె లోకంలో అన్నీ రెండే రకాలు, కచ్చా, పక్కా. ఏటేటా పొడిగించుకోవాల్సిన వీసా కచ్చా. శాశ్వత నివాసం కార్డు పక్కా. ఆ పక్కా కార్డుంటే కన్నపిల్లని తెచ్చుకోవచ్చు, పిల్లకి పద్దెనిమిది నిండేలోపు. దానికి కొట్టు యజమాని పూచీపడి సంతకం చెయ్యాలి. భర్త పోయాక, ఇంకా మాటలు సరిగ్గా రాని పిల్లని అక్క చేతిలో పెట్టి వచ్చింది సూదమ్మ. అందుకే ఏటా అడిగింది. ఏటా వదినగారు "చూద్దాంలే" అంది. మన భాషలో చూద్దామంటే ఏమిటో చంటిపిల్లలకి కూడా తెలుసు. తెలిసీ అడిగింది, ఏం చేస్తుంది మరి. పిల్లకి పద్దెనిమిది దాటిన నెలలోనే వదినగారు అడక్కుండానే సంతకం పెట్టేసింది. పాపం ఇన్నాళ్ళూ తీరిక లేకపోయి ఉంటుందని సర్దుకుంది పిచ్చిది. కార్డు నిన్న వచ్చింది.

"కార్డొచ్చిందటగా," అంది వదినగారు అద్దంలో తన నడుము చూసుకుంటూ.

సూదమ్మ సూదుల సందుల్లోంచి "ఊఁ" అంది.

"ఇక హాయిగా ఉండు. అప్పుడే సంతకం పెట్టేస్తే పిల్లని తెచ్చిపెట్టుకునేదానివి. దాని బడి, దాని జ్వరాలు, ఇక మెషిన్ ముందు కుదురుగా కూర్చునేదానివా? అందుకే ఆపాను. నీ మంచికే అనుకో."

తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదన్నమాట. కోసిన మనిషి గుడ్డ ఆరేసుకుంటూ కబుర్లు కూడా చెప్తోంది. అరికాలి మంట నెత్తికెక్కింది. నోట్లో సూదులుండబట్టి సరిపోయింది.

"రేపు నువ్వు ముందు వరసలో కూర్చోవాలి," అంటోంది వదినగారు. "నీ గురించే చెప్తాను."

రేపు వర్తకుల సంఘంవాళ్ళు ఆవిడని వేదిక ఎక్కించి సన్మానం చేస్తున్నారు. పరాయి దేశానికొచ్చినవాళ్ళకి బతుకు చూపించిందట. ఈ గౌను ఆ సన్మానానికే.

సూదమ్మ ఒక్కొక్క సూదీ నోట్లోంచి తీసి సూదుల దిండుకు గుచ్చింది. "రేపు చేతులెత్తుతారా వదినా?"

"ఎత్తకుండా ఎలా? బహుమతి అందుకోవాలి, జనానికి ఊపాలి."

"ఎత్తండి. బాగా పైకెత్తండి," అంది సూదమ్మ.

మధ్యాహ్నం వెనక గదిలో తలుపు వేసుకుని ఊరికి ఫోన్ చేసింది. పిల్లే ఎత్తింది.

"కార్డొచ్చిందమ్మా."

"సంతోషం పిన్నీ. ఉండు, అమ్మకిస్తాను."

పిన్నీ అని ఎవరూ నేర్పలేదు. ఇంట్లో అక్క పిల్లలు పిన్నీ అంటుంటే అదీ అంది. మొదట్లో నవ్వుతూ దిద్దేవాళ్ళు. తర్వాత మానేశారు. ఈ రోజైనా దిద్దుదామని నోరు తెరిచింది. జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యి వేసినావిడకి చెందిన మాట అమ్మ, ఏ మొహంతో అడుగుతుంది? అక్క ఫోన్లోకి వచ్చేలోపే పెట్టేసింది. ఏడుపొస్తుందేమోనని చూసింది. వచ్చింది ఏడుపు కాదు.

గౌను తెచ్చి బల్ల మీద పరిచి తెల్లదారం మొత్తం లాగేసింది. అలమర అడుగున ఎప్పటిదో నీలం నూలుదారం ఉంది, కచ్చాకుట్టుకి తప్ప దేనికీ పనికిరాని చచ్చుదారం. గుడ్డలో కలిసిపోయే రంగు. దాన్ని సూదిలో ఎక్కించి చంకల నుంచి నడుము దాకా, మెడ నుంచి వెన్ను కింద దాకా చేత్తో టాకాలు వేసింది. ఇస్త్రీ పెట్టె వేడి చేసి, తడి అద్ది, కుట్టు మీద కుట్టు నొక్కింది. ఇంత శ్రద్ధగా ఆమె ఏ పక్కాకుట్టూ వెయ్యలేదు. కచ్చలోంచి కచ్చాకుట్టు పుట్టిందో లేదో పండితులు తేల్చాలి, సూదమ్మ చేతిలో మాత్రం ఆ పూట రెండూ ఒకటే. నిలబడితే ఆగుతుంది. కూర్చున్నా ఆగుతుంది. చేతులెత్తితే ముందు కుడి చంక పోతుంది, తర్వాత ఎడమది, ఆ తర్వాత వీపు. జాలి వేస్తుందేమోనని ఒక క్షణం ఆగి చూసుకుంది. వెయ్యలేదు.

సాయంత్రం వదినగారు హ్యాంగర్‌కి వేలాడుతున్న గౌను చుట్టూ తిరిగి, కుట్టు మీద వేలు రాసింది. "నీ చెయ్యే చెయ్యి. ఒకసారి తొడుక్కుని చూడనా?"

సూదమ్మ గబుక్కున హ్యాంగర్ అందుకుంది. "ఇస్త్రీ నలిగిపోతుంది వదినా. రేపు అక్కడికెళ్ళాకే వేసుకోండి."

"అదీ నిజమే," అంది వదినగారు. గౌను మీద దుప్పటి కప్పించి, కారులో వెనక సీటు నిండా పరిపించింది.

ఇస్త్రీ బల్ల కింద నుంచి, సర్దిపెట్టుకున్న తన బట్టల సంచి తీసుకుంది సూదమ్మ. పక్కా కార్డున్న మనిషికి ఎవరైనా పనిస్తారు. దూరపు ఊళ్ళో పరదాలు కుట్టే ఫ్యాక్టరీవాళ్ళు ఇందాక ఫోన్లో అడిగీ అడగ్గానే రమ్మన్నారు. బస్సుకి ఇంకా టైముంది.

"వెళ్తాను వదినా."

"వెళ్తాననకూడదు, వెళ్ళొస్తాననాలి. ఇన్నేళ్ళొచ్చినా నేర్చుకోవు," అంది వదినగారు కారు తాళాలు వెతుక్కుంటూ.

సూదమ్మ తలూపింది. ఆ మాట మాత్రం అనలేదు. మెడ ఒక పక్కకే వాలి ఉంది, నడక మాత్రం తిన్నగా సాగింది. వీధి మలుపు తిరిగేదాకా వెనక్కి చూడలేదు.

వదినగారు దీపాలార్పి, కొట్టు షట్టర్ దించి తాళం వేసుకుంది. వెనక గదిలోకి తొంగి చూసే అలవాటు ఆవిడకి ఎప్పుడూ లేదు. అక్కడ మెషిన్ మీద, ఆ గౌను కోసమే ఆవిడ కొని తెచ్చిన గట్టి నీలం దారం రీలు, పైన చుట్టిన ప్లాస్టిక్ కాగితం కూడా చింపకుండా అలాగే ఉంది.