దొడ్డిలో బూట్లు

సాంసన్ సారు మా ఊరి బడిలో పనిచేసి వెళ్ళి చాలా ఏళ్ళయింది. ఆయనది కోదాడ. రెండు వేల పదమూడులో, మాఘమాసంలో, తుంగతుర్తి నుంచి వచ్చే షేర్ ఆటోలో మా ఇంటి ముందు దిగాడు. వెంట కూతురు ఉంది. పేరు ఉషారాణి. హైదరాబాదులో పెద్ద చదువు చదువుతోందట. డాక్టరు చదువు కాదు. జనానికి రోగాలు ఎట్లా వస్తాయో, రాకుండా ఏం చేయాలో చెప్పే చదువట.

"రామనర్సయ్యా, మా అమ్మాయిని కొన్నాళ్ళు నీ ఇంట్లో ఉంచుకోవాలి" అన్నాడు సారు.

నేను మంచం వాల్చాను. అదే నా జవాబు. నా భార్య ఉప్పలమ్మ మాత్రం వాకిట్లోకి వచ్చి, "ఉంచుకోకేం సారూ? మా గోవర్ధన్‌కు అక్షరాలు సెప్పింది నువ్వే గదా. వానికి రాలేదనుకో, అది వేరే ముచ్చట" అంది.

సారు నవ్వి, చాయ్ తాగి అదే ఆటోలో వెళ్ళిపోయాడు.

అమ్మాయి తన పని చెప్పింది. ఎండాకాలంలో రెండు నెలలు ఏదో ఒక ఊళ్ళో ఉండి పనిచేస్తేనే చదువు పూర్తవుతుందట. ఏ ఊరు, ఎవరింట్లో ఉండాలి, ఎవరిని ఏం అడగాలి, అంతా తనే ముందుగా కుదుర్చుకుని రాసుకోవాలి. కౌసల్య మేడం అని వాళ్ళ కాలేజీ పెద్ద డాక్టరమ్మ వచ్చి చూస్తుంది. ఆమె సరేనంటేనే ఇక్కడ పని. కాదంటే కోదాడలో ఏదో ఆఫీసులో కూర్చుని కాగితాలు సర్దాలి.

"నేను గొర్రెల కాపరుల జ్వరాల మీద చెయ్యాలనుకుంటున్నాను తాతయ్యా. కొన్ని జ్వరాలు జీవాల నుంచే మనుషులకు వస్తాయండి. నెలలు నిండకుండా పడిపోయిన గొర్రెపిల్లనీ, మాయనీ ఉత్త చేతులతో తీస్తే వస్తాయి. పచ్చిపాలు తాగినా వస్తాయి" అంది.

ఉప్పలమ్మ నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను.

గోవర్ధన్ మా ఒక్క కొడుకు. మా గొర్రెల మందను ఇప్పుడు కాసేది వాడే. వానాకాలం నుంచి జ్వరం వాణ్ణి విడవడం లేదు. పగలు బాగానే ఉంటాడు. పొద్దు గూకేసరికి ఒళ్ళు కాలుతుంది. తెల్లారేసరికి చెమటతో దుప్పటి తడుస్తుంది. నడుము పట్టేస్తుంది. సూర్యాపేటలో ఒక దవాఖానలో టైఫాయిడ్ అన్నారు, ఇంకో దవాఖానలో మలేరియా అన్నారు. మిర్యాలగూడలో ఏమీ లేదన్నారు. ఏమీ లేదన్న చోటే ఎక్కువ సూదులు వేశారు. ఆ తర్వాత వాడు ఇంక ఏ దవాఖాన మెట్లూ ఎక్కనని మొండికేశాడు. కోడలు స్వరూప బతిమాలి బతిమాలి ఊరుకుంది.

ఉప్పలమ్మ ఇదంతా చెబితే అమ్మాయి చాలాసేపు విన్నది.

"అదే జ్వరమని నేను చెప్పలేను అమ్మమ్మా. రక్తం చూడాలి. మామూలు పరీక్షల్లో అది బయటపడదు. నాకు ఇక్కడ పని దొరికితే మా కాలేజీ వాళ్ళే కాపరులందరి రక్తం తీసి హైదరాబాదులో చూపిస్తారు. అందరితో పాటు అంటే అన్న కూడా ఒప్పుకుంటాడేమో."

ఆ రోజు నుంచి ఆ అమ్మాయి పని నా పని అయింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఆమె ఇల్లిల్లూ తిరిగింది. పెద్ద కాగితం మీద ఊరిని గీసింది. కాపరుల ఇళ్ళు ఎక్కడ, గొర్రెల దొడ్లు ఎక్కడ, బోరింగు ఎక్కడ, అన్నీ పెట్టింది. దారి చూపడానికి నేను ముందు నడిచేవాణ్ణి. అడిగినదానికి అవును, కాదు అనేవాణ్ణి.

"తాతయ్యా, మీరు రోజుకు ఎన్ని మాటలు మాట్లాడతారండి?" అంది ఒకరోజు.

"సూడలే" అన్నాను.

"పెండ్లి నాడు రెండు మాట్లాడిండు బిడ్డా. గవి గూడ అయ్యగారు అడిగితేనే" అంది ఉప్పలమ్మ, రొట్టె కాలుస్తూ.

మేడం రావడానికి ముందు రోజు పొద్దున్నే అమ్మాయి మా దొడ్డి చూస్తానంది. తీసుకుపోయాను. ఊరి బయట ముళ్ళకంప చుట్టిన దొడ్లు వరుసగా ఉంటాయి. నేను ఎప్పటిలాగే చెప్పులు బయట విడిచి తడక తీశాను. వెనక్కి చూడలేదు. ఆ కాస్త వ్యవధిలో ఆమె సంచిలోంచి మోకాళ్ళ దాకా వచ్చే నల్ల రబ్బరు బూట్లు తీసి తొడుక్కుంది. చేతులకు తొడుగులు వేసుకుంది. లోపలికి అడుగు పెట్టింది.

గోవర్ధన్ గొర్రెపిల్లలకు పాలు తాపుతున్నాడు. చూసి అరిచాడు.

"ఆగు! ఆగు సెల్లే! కాళ్ళకేంది గవి?"

"బూట్లు అన్నా. లోపల..."

"సర్పంచి వచ్చినా, పశువుల డాక్టర్ వచ్చినా గాడ ఇడిసే వస్తరు. ఇది మల్లన్న జాగ. మా తాతల కాలం నుంచి దొడ్డిల చెప్పు కాలు పడలే. పడితే మంద ఖతమైతది."

పక్క దొడ్లవాళ్ళు కంప మీదుగా తొంగి చూశారు. "సదువుకున్నోళ్ళకు గింత గూడ తెల్వదా?" అన్నాడు ఒకడు.

అమ్మాయి గబగబా బయటికి వెళ్ళి బూట్లు విప్పేసింది. ముళ్ళలో ఒట్టి కాళ్ళతో నిలబడింది.

"తప్పయింది అన్నా. తెలీక చేశాను. మేమూ చర్చిలోకి చెప్పులు విడిచే వెళ్తాం. దేవుడి చోటని తెలిస్తే వేసుకోను."

గోవర్ధన్ కోపం దిగింది. "సరే. ఇగ రా మరి, ఒట్టి కాళ్ళతోని."

ఆమె రాలేదు. విప్పిన బూట్లు చేతిలోకి తీసుకుని అంది. "రాలేను అన్నా. జీవాల మధ్యకు పోతే బూట్లు, తొడుగులు ఉండాలని మా కాలేజీ రూలు. నాకే కాదు, మీరంతా కూడా వేసుకుంటే జ్వరం రాదని చెప్పడమే నా పని. ప్లానులో రాసింది అదే."

"గట్లయితే నీ ప్లాను గీడ నడవది" అన్నాడు గోవర్ధన్. పక్క దొడ్లవాళ్ళు తలలూపారు. ఆ ఊపుతో అమ్మాయి పని పోయినట్టే. వాడి రక్తం చూసేవాళ్ళూ పోయినట్టే.

అన్నం దగ్గర ఉప్పలమ్మ ఒక ఉపాయం చెప్పింది. "మేడం వస్తే దొడ్డి దాకా ఎందుకు బిడ్డా? ఇంటికాడ్నే చాయ్ తాపి, నాలుగు మంచి ముచ్చట్లు సెప్పి పంపుదాం. బూట్ల సంగతి ఎత్తకు."

"ఒకటి రాసి ఇంకొకటి చెయ్యలేను అమ్మమ్మా."

"గిట్లయితే రేపు నౌకరి ఎట్ల సేస్తవే తల్లీ?"

అమ్మాయి నవ్వబోయింది. నవ్వు రాలేదు. పళ్ళెం పక్కకు జరిపి బట్టలు సర్దుకోవడం మొదలుపెట్టింది. సంచిలోంచి ఇంకో జత బూట్లు కింద పడ్డాయి. పెద్దవి. కవరు కూడా విప్పలేదు. కాపరులకు చూపిద్దామని సూర్యాపేటలో కొన్నదట.

నేను ఆ జతను తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

దొడ్డిలోకి చెప్పులు ఎందుకు రావద్దో మా నాయన ఒక్కమాటే చెప్పాడు. అవి ఎక్కడెక్కడో తొక్కి వస్తాయి అన్నాడు. ఆయన కూడా ఎక్కువ మాట్లాడేవాడు కాదు. కొత్త కుండ గానీ, కొత్త కొడవలి గానీ దొడ్డిలోకి రావాలంటే మాకు ఒక పద్ధతి ఉంది. కడిగి, పసుపు రాసి, బొట్టు పెట్టి, మల్లన్నకు చూపించి తీసుకుపోతాం. ఇంక అది బయటికి రాదు. దొడ్డిదే. కవరు విప్పని బూట్లు ఎక్కడ తొక్కాయి?

"ఏమే, పసుపు కలుపు" అన్నాను.

"ఎందుకు?"

బూట్లు చూపించాను.

ఉప్పలమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "రబ్బరు బూట్లకు పసుపా? ఊరోళ్ళు నవ్వుతరయ్యా."

"నవ్వనీ."

కలిపి తెచ్చింది. రాస్తూ గొణిగింది. "బొట్టు ఏడ పెట్టాలె? మూతికా, మడిమకా? కల్యాణం గూడ సేద్దామా?" అంటూనే బొట్టు పెట్టింది. తర్వాత వాటిని మల్లన్న పటం ముందు పెట్టి చేతులు జోడించింది. కళ్ళు మూసుకుని కొడుకు పేరు అనుకోవడం నాకు వినబడింది. అమ్మాయి సర్దుకోవడం ఆపి ఆమె వెనక నిలబడింది.

మర్నాడు పొద్దెక్కుతుండగా మేడం బండి నేరుగా దొడ్ల దగ్గరికే వచ్చింది. నెరిసిన జుట్టు, నూలు చీర. అమ్మాయి నిన్న జరిగింది జరిగినట్టు చెప్పేసింది. మేడం విని, "అయితే ఇక్కడెట్లా కుదురుతుంది ఉషా?" అంది.

నేను బూట్లు తలమీద పెట్టుకుని తెచ్చాను. చెప్పులు బయట విడిచాను. ఒట్టి కాళ్ళతో దొడ్డిలోకి పోయి, లోపల నిలబడి బూట్లు తొడిగాను.

"నాయినా! పిచ్చి గిట్ల లేసిందా?" గోవర్ధన్ పరుగున వచ్చాడు.

"ఇవి బాట తొక్కలే. పసుపు పడ్డది. దొడ్డి సామాను. గీన్నే ఉంటయ్" అన్నాను.

వాడు ముందు బూట్లను, తర్వాత నా నోటిని చూశాడు. నేను అంత పెద్ద మాట అనడం వాడు ఈ మధ్య వినలేదు.

"సామాను సరే, మందకేమన్న అయితే?" అన్నారు కంప అవతలి నుంచి.

"నన్నడుగుండ్రి."

దొడ్డి మధ్యలోకి నడిచాను. బూట్లు పాదాల దగ్గర వదులు, పిక్కల దగ్గర బిగుతు. అడుగు వేస్తే చప్ చప్ మంటున్నాయి. నా కాళ్ళ చప్పుడు ఎరిగిన జీవాలు ఆ చప్పుడు ఎన్నడూ విననివి. ముందు పొట్టేలు బెదిరింది. దాని వెంట అన్నీ బెదిరి మూలకు ఒరిగాయి. కంప విరిగింది. మంద మొత్తం పక్కనున్న పల్లికాయ చేలోకి పోయింది.

అందరూ పరిగెత్తారు. డ్రైవరు పరిగెత్తాడు. మేడం చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని ఒక వైపు అడ్డం నిలబడింది. నేను మాత్రం కదలలేను. బూట్లతో బయటికి పోతే బాట తొక్కినట్టే. విప్పుదామంటే రావడం లేదు. ఖాళీ దొడ్డిలో ఒక్కణ్ణే నిలబడ్డాను.

"సూసుకుంట నిలబడు, బూట్ల దొరా!" అని ఉప్పలమ్మ అరుస్తూ పోయింది.

మంద చెదిరితే గోవర్ధనే ముందుంటాడు. చిన్నప్పటి నుంచీ అంతే. ఈల వేసి, చుట్టు తిరిగి మళ్ళేస్తాడు. ఇప్పుడూ ముందు దూకింది వాడే. చేను సగం దాకా పోయి ఆగాడు. నడుం పట్టుకున్నాడు. మెల్లగా కిందికి కుంగాడు. తట్టుకుని పడ్డాడనుకున్నారు. వాడు లేవలేదు.

మందను మిగతావాళ్ళు మళ్ళేశారు. ఎవరూ నవ్వడం లేదు.

"గోవర్ధన్ పరుగు గిట్లయిందా?" అన్నాడు నిన్న తల ఊపినవాళ్ళలో ఒకడు. "మాలో వాన్ని అందుకున్నోడు లేకుండె."

మేడం పల్లికాయ చేలో గొంతుక్కూర్చుని వాడి చెయ్యి పట్టుకుంది. కీళ్ళు నొక్కి చూసింది. ఎన్నాళ్ళ నుంచి అని అడిగింది. ఈ ఏడు గొర్రెలకు పిల్లలు పడిపోయాయా అని అడిగింది.

"పడ్డయ్" అన్నాడు వాడు, మొదటిసారి తల దించి. "నేనే తీసేసిన. చేతులతోని."

మేడం లేచి కాపరుల వైపు తిరిగింది. "బూట్లకు పెద్దాయన ఒక దారి చూపించాడు. మీరు వేసుకుంటారా?"

"గొర్లకు అలవాటు కావాలె ముందు" అన్నాడొకడు. అప్పుడు నవ్వారు. "పసుపు రాసిన కొత్త జతయితే సూద్దాం" అన్నాడు ఇంకొకడు. ఒకరిద్దరు తమ దొడ్ల వైపు వెళ్ళిపోయారు.

"సరే ఉషా, నీ పని ఇక్కడే. మే నెల నుంచి" అంది మేడం.

"మేల రాకు సెల్లే" అన్నాడు గోవర్ధన్.

అమ్మాయి ముఖం వాడిపోయింది. "ఇంకా కోపమా అన్నా?"

"కోపం కాదు. మేల గీడ ఎవలుంటరు? వరికోతలైనంక మందలు తోల్కొని నేరేడుచర్ల దిక్కు పోతం. ఎరువుకని రైతులు పిలుస్తరు, కోసిన మళ్ళల్ల మంద పెడ్తం. వానలు పడేదాక గాడ్నే. ఈడికొస్తే మా అమ్మా, కుక్కలూ ఉంటరు. నేరేడుచర్లకే రా. నేను జాగ సూపిస్త."

అందరూ నా వైపు చూశారు. "తాతయ్యా, ఇన్నాళ్ళూ ప్లాను రాశాం గదండీ. ఈ సంగతి ఒక్కసారీ చెప్పలేదే!" అంది అమ్మాయి.

"అడగలే" అన్నాను.

"సూసినవా బిడ్డా, గీయనతోని నేను ఎట్ల ఏగిననో!" అంది ఉప్పలమ్మ.

"ప్లాను మార్చి రాసుకో. ఊరి పేరు కొట్టేసి, మంద ఎక్కడుంటే అక్కడ అని రాయి" అంది మేడం. "కానీ ఇతను మే దాకా ఆగడానికి లేదు. ఇవాళే నా బండిలో హైదరాబాదుకు రావాలి. పరీక్ష నేను చేయిస్తాను."

గోవర్ధన్ రానని అనలేదు. దొడ్డి వైపు చూసి, "మందనెవరు సూస్తరు?" అన్నాడు.

అప్పటికి నేను ఒక బూటు విప్పాను. "పో" అన్నాను.

స్వరూప రెండు జతల బట్టలు తెచ్చి వాడితో పాటు బండి ఎక్కింది. వాడు కిటికీలోంచి తల బయటపెట్టి చెప్పడం మొదలుపెట్టాడు. చెవి తెగిన గొర్రె తన పిల్లను దగ్గరికి రానీయదు, పట్టుకుని తాపాలి. కుంటిదాన్ని వెనక తోలాలి. నల్ల పొట్టేలు పొద్దున నీళ్ళు తాగదు, మళ్ళీ మధ్యాహ్నం పెట్టాలి. వాడు పుట్టకముందు నుంచీ నేను కాసిన మంద అది. బండి కదిలేదాకా చెబుతూనే ఉన్నాడు. ప్రతిదానికీ ఊ అన్నాను.