తరిమితే ఎవరొస్తారో

డానియల్‌కు ఫోనులో ఆ ఆట నేర్పింది బిడ్డ మెర్సీ. చెరో ముగ్గురు యోధులు. ముందు నిలబడి కొట్లాడేది ఒక్కడే. డానియల్ మాత్రం కొట్లాటకు దిగేవాడు కాదు. ఎదుటివాడు గట్టివాడైతే 'గర్జన' నొక్కేవాడు. ఇక వాడు వెనక్కి పోవాల్సిందే, వెనకున్న ఇద్దరిలో ఒకడు ముందుకు రావాల్సిందే. ఎవడొస్తాడన్నది మాత్రం ఎవరి చేతిలోనూ లేదు.

"గట్ల తరుమకు బాపూ. వచ్చేటోడు ఎసొంటోడో ఏమో" అనేది మెర్సీ మోత్కూర్‌లోని ఇంటి నుంచి ఫోనులో. తండ్రి నవ్వి మళ్లీ తరిమేవాడు.

ఆ తెలివి జడ్చర్లలో అతను పనిచేసే మందుల కంపెనీలోనూ అక్కరకొచ్చింది. పొద్దున షిఫ్టువాడు వచ్చి మిషన్ అప్పజెప్పుకునేదాకా రాత్రి షిఫ్టువాడు కదలకూడదు. డానియల్‌ను విడిపించడానికి వచ్చేది బాలయ్య. ముసలాయన అందరికంటే ముందే వచ్చి మిషన్ సందుల్లో వేలు పెట్టి చూసేవాడు. పిసరంత పొడి అంటినా మళ్లీ తుడవమనేవాడు. ఆ చాదస్తం పడలేక డానియల్ సూపర్‌వైజర్ చెవిలో జోరీగయ్యాడు. పెద్దమనిషికి మోకాళ్ల నొప్పులట, మెట్లు లేని పక్క బ్లాకుకు మారిస్తే పుణ్యమట. ఎంత జాలి గుండె!

బాలయ్య పక్క బ్లాకుకు పోయాడు. అతని బదులు వచ్చినవాడు గోపీకృష్ణ. బంగారంలాంటి పిల్లగాడు, మిషన్ వంక కన్నెత్తి చూడడు. "నువ్వు పో అన్నా, నేను చూసుకుంట" అంటాడు. డానియల్‌కు ప్రాణం లేచొచ్చింది.

క్రిస్మస్ వచ్చింది. మోత్కూర్ చర్చిలో మెర్సీ మొదటిసారి వాక్యం చదవబోతోంది. షిఫ్టు దిగగానే బస్సెక్కితే అందుకోవచ్చు. డానియల్ కొత్త చొక్కా సంచిలో పెట్టుకునే రాత్రి డ్యూటీకొచ్చాడు.

తెల్లారింది. షిఫ్టు మారింది. గోపీకృష్ణ రాలేదు. ఫోను మోగుతోంది, ఎత్తడు. పిల్లగాడు నిద్రలో కూడా తొందరపడే రకం కాదు.

పక్క బ్లాకులో రాత్రి డ్యూటీ చేసిన లింగస్వామి ముఖం కడుక్కుని, తల దువ్వుకుని, ఇంటికి పోతూ ఆగాడు. "ఇంకా ఈన్నే ఉన్నవా అన్నా? మా బాలయ్య తాత ఎప్పుడో వచ్చిండు" అన్నాడు. కిటికీ అద్దంలోంచి చూస్తే పక్క బ్లాకులో బాలయ్య లింగస్వామి మిషన్ సందుల్లో వేలు పెట్టి చూస్తున్నాడు.  తిట్టుకుందామంటే డానియల్‌కు తను తప్ప ఎవరూ దొరకలేదు.

బస్సు వెళ్లిపోయాక మెర్సీ ఫోను చేసింది.

"బస్సెక్కినవా బాపూ?"

"లేదు బిడ్డా. నన్ను ఇడిపిచ్చేటోడు రాలే."

"టైముకు వచ్చేటోడు ఎవలు లేరా?"

డానియల్ అద్దం అవతలికి చూశాడు.

"ఉండె బిడ్డా. నేనే తరిమిన."