ఎడమవైపు కింది మూల

ఎర్రముక్కు చేప వేలెడంత కూడా ఉండదు. ఒంటరిగా బతకదు. గుంపంతా ఒకేసారి తిరుగుతుంది, ఒకే వైపు ఈదుతుంది. నీళ్ళు పడకపోయినా, భయం పుట్టినా ముక్కు మీది ఎరుపు వెలిసిపోతుంది. మనుషులకీ అలాంటి ఏర్పాటు ఒకటి ఉంటే బాగుండేదని అక్క ఇప్పుడు అనుకుంటూ ఉంటుంది.

ఈ చేపల చేత గుడ్లు పెట్టించి పిల్లల్ని బతికించడం ఆషామాషీ వ్యవహారం కాదు. అక్క ఆరేళ్ళు నానా తంటాలూ పడింది. ఎండుటాకులు నానబెట్టి నీళ్ళను టీ రంగుకు తెచ్చేది, తొట్టెకు గుడ్డ కప్పి చీకటి చేసేది. చివరికి నలభై తల్లిచేపలు నిలిచాయి. వాటి పిల్లలతోనే ఆమె చేపల దుకాణం నడిచేది. "అద్దం మీద తట్టవద్దు" అని గోడ మీద పెద్ద అక్షరాలతో రాసిపెట్టి, మేత వేసేటప్పుడు తను మాత్రం ఎడమవైపు కింది మూల గోటితో మెల్లగా మూడుసార్లు తట్టేది. గుంపంతా అక్కడికి వచ్చి చేరేది.

"బోర్డు రాసినవాళ్ళకి వర్తించదేమో," అని పక్కనే పనిచేసే చెల్లెలు ఆటపట్టించేది.

అక్కకు చూపు మసకేసింది. కంటి ఆపరేషనుకు వెళ్ళే రోజు తొట్టె నీళ్ళు తనే మార్చి, క్లోరిన్ విరిచే మందు వేసి, తాళాలు చెల్లెలి చేతిలో పెట్టింది. నాలుగో రోజు కట్టు విప్పించుకుని వచ్చేసరికి తొట్టె ఖాళీగా ఉంది.

"ఒక్కటీ మిగల్లేదక్కా. నువ్వు చూసి తట్టుకోలేవని నేనే తీసి పూడ్చేశాను."

"ఏమైందే?"

"కళ్ళు కనపడక మందు సీసా తప్పు తీసుంటావు."

అక్క నమ్మేసింది. అయ్యుండొచ్చు మరి, ఆ రోజు సీసాలన్నీ ఆమెకు ఒకేలా కనిపించాయి. నా చేతులతో నేనే చంపుకున్నానని కుమిలిపోయింది. పది రోజులు తిండి సయించలేదు. చెల్లెలు పక్కనే కూర్చుని ఏడ్చింది, బతిమాలి తినిపించింది. ఇంకోసారి పొరపాటు జరగకుండా సీసాలన్నిటికీ పెద్ద అక్షరాల చీటీలు కూడా అంటించింది.

రెండు నెలలకు చెల్లెలూ ఆమె భర్తా నాలుగు వీధుల అవతల సొంతంగా చేపల దుకాణం తెరిచారు. అక్కకు కష్టం అనిపించలేదు. పిల్ల తన కాళ్ళ మీద తను నిలబడుతోందని పొంగిపోయి, తను ఏరి ఎండబెట్టిన ఆకులు ఒక సంచీ నిండా పట్టుకుని వెళ్ళింది.

గుమ్మం ఎదురుగానే పెద్ద తొట్టె ఉంది. అందులో ఎర్రముక్కు చేపలు తిరుగుతున్నాయి.

"ఇవెక్కడివే?"

"టోకు వ్యాపారి పంపాడు వదినా," అన్నాడు మరిది, చెల్లెలి కంటే ముందే.

అక్కకు ఏ అనుమానమూ లేదు. చాలా రోజులకు ఆ జాతి కంటబడేసరికి ప్రాణం లేచొచ్చింది, అంతే. పాత అలవాటు కొద్దీ వంగి, ఎడమవైపు కింది మూల గోటితో మూడుసార్లు తట్టింది.

గుంపంతా ఒక్కసారిగా తిరిగి ఆ మూలకు వచ్చి, ఆమె వేలి ముందు నిలబడింది.

అక్క వంగినచోటి నుంచే చెల్లెలి వైపు తల తిప్పింది. చెల్లెలు ఏమీ ఎరగనట్టు వల సర్దసాగింది.

"నన్ను అడగకపోయావా?" అంది అక్క.

"అడిగితే ఇచ్చేదానివా?"

"సగం ఇచ్చేదాన్ని. నువ్వు సీసా మాట అనకుండా ఎత్తుకుపోయినా ఊరుకునేదాన్నేమో. నా చేతులే చంపాయని నమ్మించావు కదే. పక్కన కూర్చుని నాతోపాటు ఏడ్చావు."

మరిది గల్లాపెట్టె వెనక్కి జరిగాడు.

అక్క ఆకుల సంచీ తొట్టె మూత మీద పెట్టింది. "నీకనే తెచ్చాను. ఇప్పుడు మాత్రం వాటి కోసం వదిలిపోతున్నా."

గుమ్మం దాటబోతూ వెనక్కి చూసింది. మరిది కంగారుగా కుడివైపు మేత చల్లుతున్నాడు. చేపలు కదల్లేదు. ఎర్రటి ముక్కులతో ఎడమ మూలలోనే ఆమె కోసం చూస్తున్నాయి.