గున్నమ్మ ఓడ

గౌతమి చెన్నైలో పరీక్ష తప్పింది చదువు తక్కువై కాదు, పెంపకం ఎక్కువై. ఈ సంగతి ఆమె తల్లి అప్పలలక్ష్మికి బోధపడడానికి మూడు రోజులు పట్టింది.

అది ఓడలతో రేడియోలో మాట్లాడేవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే సర్టిఫికెట్ పరీక్ష. నర్సీపట్నం నుంచి సముద్రం చూడాలంటే గంటన్నర బస్సులో కూర్చోవాలి. ఆ ఇంట్లో ఓడ మాట దేవుడెరుగు, తాండవ రిజర్వాయరులో పడవెక్కినవాళ్లు కూడా లేరు. అయినా గౌతమి ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివి, ఎక్కడో ప్రకటన చూసి, విశాఖలో ఒక రేవు టవర్లో రేడియో ఆపరేటర్ ఉద్యోగం ముప్పాతిక వంతు సంపాదించేసింది. మిగతా పాతిక వంతూ ఆ సర్టిఫికెట్టే. నెలాఖరులోగా తెస్తే ఉద్యోగం ఆమెది. లేకపోతే జాబితాలో తర్వాత ఉన్న ఎవరో అబ్బాయిది.

రాతపరీక్షలో మంచి మార్కులే వచ్చాయి. యాంటెన్నాలు, బ్యాటరీలు, ఏ ఛానెల్లో ఎవరు మాట్లాడాలి, అన్నీ నోటికి వచ్చు. మౌఖిక పరీక్షలో పరీక్షాధికారి మైకు చేతికిచ్చి, "నీ ఓడకి చిల్లు పడింది, నీళ్లొచ్చేస్తున్నాయి, సాయానికి పిలువు" అన్నాడు. గౌతమి మైకు మీట నొక్కి ఇంగ్లీషులో, "గుడ్ మార్నింగ్ సర్. హౌ ఆర్ యూ సర్. నథింగ్ టు వర్రీ సర్..." అని మొదలుపెట్టింది.

ఆయన మనవాడే. కళ్లజోడు తీసి తెలుగులోనే, "ఏమ్మా, ఓడ మునిగిపోతుంటే పెళ్లిపిలుపుకి వచ్చినదానిలా మాట్లాడతావేం?" అన్నాడట.

"మరి అలగెందుకన్నావే?" అంది అప్పలలక్ష్మి.

"నోట్లోంచి అదే ఒచ్చీసిందమ్మా. చెడ్డ కబురు చెప్పాలంటే మనింట్లో ముందు అలగే కదా మొదలెడతాం!"

అప్పలలక్ష్మికి కోపం వచ్చింది కానీ అంతలోనే ఒక ఫోన్ కాల్ గుర్తొచ్చింది. రెండేళ్ల కిందట తన భర్త సత్తిరాజు బండి మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నప్పుడు, తమ్ముడు కొండబాబు రావికమతం నుంచి ఫోన్ చేసి ఏమన్నాడు? "అక్కా, అన్నం తిన్నావేటి?" అన్నాడు. తిన్నానంది. "ఏటి కూర?" అన్నాడు. బీరకాయంది. అక్కడ వానా, ఇక్కడ వానా అన్నీ అయ్యాక, "బావకేటీ అవలేదు" అన్నాడు. ఆ మాట వినగానే ఆమె చేతిలో గిన్నె కింద పడింది.

పిల్ల ఎక్కడ నేర్చుకుంటుంది మరి? అత్తగారు రామాయమ్మ దీపం ఆరిపోయిందనదు, కొండెక్కిందంటుంది. బియ్యం అయిపోయాయనదు, నిండుకున్నాయంటుంది. వెళ్తాను అని గుమ్మం దాటినవాళ్లని వెనక్కి పిలిచి, వెళ్లొస్తాను అనిపించి మరీ పంపిస్తుంది. అలాంటి ఇంట్లో ఇరవై రెండేళ్లు పెరిగిన పిల్ల, మునిగిపోతున్నాను అని మైకులో ఎలా అంటుంది?

"మళ్లీ ఎప్పుడే పరీక్ష?"

"ఇరవై నాలుగున."

"అయితే ఇయ్యాల్టినుంచి ఇక్కడే అరిచి చూపించు. నాను వింటాను."

పగలంతా గౌతమి అబీద్ సెంటర్లో ఒక సెల్‌ఫోన్ల దుకాణంలో పనిచేస్తుంది. కాబట్టి సాయంత్రం ఆరింటికి ప్రాక్టీసు. పిల్ల డాబా మీద, తల్లి కింద వంటింటి కిటికీ దగ్గర. రేడియో అంటే ఇంట్లో ఉన్న పాత ఛార్జింగ్ టార్చి. అది వెలిగి ఉంటే గౌతమి మాట్లాడుతున్నట్టు, ఇంకెవరూ నోరెత్తకూడదు. ఆరితే అవతలివాళ్ల వంతు. తల్లి ఒడ్డు మీది స్టేషను, దాని పేరు నర్సీపట్నం రేడియో. ఏమని జవాబివ్వాలో గౌతమి ఒక చీటీ మీద తెలుగక్షరాల్లో రాసి బియ్యం డబ్బాకి అంటించింది.

మొదటిరోజు డాబా మీంచి, "మేడే, మేడే, మేడే! ఐ యామ్ సింకింగ్!" అని కేక వినబడింది.

చాప మీద కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్న రామాయమ్మ తలెత్తింది. "ఏటంటన్నాదే అది?"

అప్పలలక్ష్మి ఏదో ఒకటి చెప్పి తప్పించుకుందామనుకుంది కానీ నిజమే వచ్చేసింది. "ఆపదలో ఉన్నాను, మునిగిపోతన్నాను అంటందత్తయ్యా."

"దీపాలెట్టే యేళ, ఆడపిల్ల, మునిగిపోతన్నానని అరుస్తాదా? పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారు. ఆళ్లకి ఇంగ్లీసు రాదనుకున్నారేటి?"

గౌతమి పిట్టగోడ మీంచి తొంగిచూసింది. "పరీక్ష మామ్మా! అలగే అనాల."

"అయితే తేలుతన్నానను."

"తేలుతుంటే సాయానికి ఎవరొస్తారు మామ్మా?"

రామాయమ్మ అంత తేలిగ్గా ఒప్పుకునే మనిషి కాదు. ఒడిలో చిక్కుడుకాయలు పక్కన పెట్టేసి, రాత్రి అన్నం తిననంది. దాంతో రెండు రోజుల పాటు గౌతమి ఓడ హాయిగా తేలింది. "ఐ యామ్ ఫ్లోటింగ్, నో హెల్ప్ రిక్వైర్డ్" అని డాబా మీంచి కబుర్లు పంపింది. మూడోరోజుకి పిల్ల నాలిక ఆ మాటకి అలవాటు పడిపోతోందని కనిపెట్టి, అప్పలలక్ష్మికి గుండెల్లో రాయి పడింది.

"అత్తయ్యా, ఇలగైతే ఈసారీ పరీక్ష పోద్ది. ఉద్యోగం ఆ అబ్బాయికి ఎల్లిపోద్ది."

రామాయమ్మ చాలాసేపు ఆలోచించింది. ఉద్యోగం పోవడం ఆమెకీ ఇష్టం లేదు. మనవరాలు మొదటి జీతంతో కొనిపెడతానన్న పట్టుచీర రంగు కూడా అనుకుని పెట్టుకుంది.

"ఓడ మునగాలంతే కదా? మన ఓడే ఎందుకు మునగాల? పక్కోల ఓడ మునిగితే ఆ పరీక్షాయన ఊరుకోడేటి?"

"ఎవరిది మామ్మా?"

రామాయమ్మ చూపు మెల్లగా తూర్పు గోడ వైపు తిరిగింది. గోడకి అవతల గున్నమ్మ ఇల్లు. ఆ ఇంటి ములగచెట్టు కొమ్మ ఒకటి ఇటు వాలింది. కాయలు అటు, గొంగళిపురుగులు ఇటు. కొమ్మ కొట్టించమన్నందుకు మూడు నెలలుగా మాటల్లేవు.

అలా ఓడకి గున్నమ్మ అని పేరు పడింది. ఆ సాయంత్రం డాబా మీంచి గౌతమి గొంతు గంటలా మోగింది. "మేడే, మేడే, మేడే! దిస్ ఈజ్ గున్నమ్మ, గున్నమ్మ, గున్నమ్మ! ఐ యామ్ సింకింగ్!" తర్వాత పేరుని ఓడలవాళ్ల పద్ధతిలో అక్షరం అక్షరం విడగొట్టి, "గోల్ఫ్, యూనిఫాం, నవంబర్, నవంబర్..." అని చదివింది. ఎక్కడా నీళ్లు నమల్లేదు, ఎవరినీ ఎలా ఉన్నారని అడగలేదు.

కింద అప్పలలక్ష్మి ఆశ్చర్యపోయింది. పరాయివాళ్ల చెడ్డ కబురైతే నోరు ఎంత సులువుగా తిరుగుతుందో!

ఓడకి ఆ పేరు పడిన అయిదోరోజు గేటు ధడాలుమంది. గున్నమ్మ కొంగు నడుముకి బిగించి మరీ వచ్చింది.

"ఏటే లచ్చిమీ! నాను మునిగిపోతన్నానని మీ పిల్ల రోజూ మూడేసిసార్లు దండోరా ఎయ్యడమేటి? బలిఘట్టంలో మా సెల్లికి కూడా తెలిసిపోనాది. ఫోన్ సేసి, అక్కా ఎంత డబ్బు మునిగావూ, సీటీ పాటలోనా అని అడుగుతన్నాది!"

అప్పలలక్ష్మి గబగబా కుర్చీ వేసింది. "కూకో వదినా. టీ తాగుతావేటి? మోకాలి నొప్పి ఎలగుంది?"

"మోకాలి సంగతి తరవాత. అసలు సంగతి సెప్పు!"

అప్పలలక్ష్మి అత్తగారి వైపు చూసింది. రామాయమ్మ అప్పుడే చెవుడొచ్చినట్టు చిక్కుడుకాయల్లోకి వంగింది. అంతలో గౌతమి టార్చితో మెట్లు దిగి వచ్చి ఎదురుగా నిలబడింది.

"తప్పు మాదే అత్తా. నా పరీక్షకి మునిగిపోయే ఓడ ఒకటి కావాలి. మన ఓడ వద్దంది మామ్మ. మీ చెట్టు పురుగుల మీద కోపంతో దానికి మీ పేరు పెట్టింది."

ముందుమాట లేదు, మెలిక లేదు. అప్పలలక్ష్మికి కూతుర్ని కొట్టాలనీ అనిపించింది, ముద్దు పెట్టుకోవాలనీ అనిపించింది. రామాయమ్మ మాత్రం, "ఓసి నీ నోట్లో మట్టెయ్య" అని గొణిగింది.

గున్నమ్మ గౌతమిని ఎగాదిగా చూసి, "ఎంతుంటాది?" అంది.

"ఏటత్తా?"

"ఓడే. సిన్నదా పెద్దదా?"

"పెద్దదే. మన వీధి ఈ చివర్నుంచి ఆ చివరి దాకా ఉంటది."

గున్నమ్మ ముఖంలో బిగువు కొంచెం సడలింది. కుర్చీలో కూర్చుని, "మునిగాక ఏటయ్యినాది?" అని అడిగింది.

"అక్కడితో ప్రాక్టీసు అయిపోద్ది అత్తా. పరీక్షలో అదే అడిగారు."

"ఏటీ! నాలుగు రోజులై నన్ను నడిసముద్రంలో ఒదిలీసి, మీరు ఎల్లి అన్నాలు తింటన్నారా!" గున్నమ్మ మళ్లీ లేచి నిలబడింది. "నా పేరెట్టుకుంటే ఎట్టుకోండి గాని, రోజూ నన్ను ఒడ్డుకి తెచ్చి మరీ లెగాల. నాను ఇక్కడే కూకుని వింటాను."

మర్నాటి నుంచి ఆరింటికల్లా గున్నమ్మ జంతికల డబ్బాతో హాజరు. గౌతమికి పని రెండింతలైంది. ఇదివరకు పైపైన చదివి వదిలేసిన పాఠాలు మళ్లీ తిరగేయాల్సి వచ్చింది. సాయానికి ఏ ఓడ దగ్గరలో ఉంది, ఎంతసేపట్లో వస్తుంది, జనాన్ని ఎలా ఎక్కించుకుంటారు, ఇవన్నీ తల్లీకూతుళ్లు పైకీ కిందకీ మాట్లాడుకోవాలి. మధ్యలో గున్నమ్మ ప్రశ్నలు.

"మొత్తం ఎంతమంది ఉన్నాం?"

"ఎనిమిదిమంది అత్తా."

"మా ఆయన్ని ఎక్కించావేటి?"

"లేదత్తా."

"ఎక్కించకు. ఆయనొస్తే సుట్ట కాలుస్తాడు, ఓడ తగలబడిపోద్ది."

రామాయమ్మ పక్కకి తిరిగి నవ్వింది. మూడు నెలల తర్వాత ఆ రెండిళ్ల మధ్య మొదటి నవ్వు అదే. కొమ్మ మాత్రం గున్నమ్మ కొట్టించలేదు.

అంతా అయ్యాక ఆఖరి మాట ఒకటుంది. ఒక ఓడ ఆపదలో ఉన్నంతసేపూ మిగతా ఓడలన్నీ ఆ ఛానెల్లో నోరు మూసుకోవాలి. ఆపద తీరిందని, ఇక అందరూ మాట్లాడుకోవచ్చని ఒడ్డు మీది స్టేషను చాటాలి. అది ఫ్రెంచి మాటట, "సీలాన్స్ ఫీనీ". అప్పలలక్ష్మి బియ్యం డబ్బా మీద చీటీ చూసి ఆ మాట అన్నదాకా గున్నమ్మ కుర్చీలోంచి లేవదు. ఒకరోజు పాలు పొంగుతున్నాయని అప్పలలక్ష్మి పొయ్యి దగ్గరికి పరిగెడితే, "ముందు నన్ను తేల్చి ఎల్లవే!" అని కేక పెట్టింది. పాలు పొంగిపోయాయి.

ఇరవై మూడున గౌతమి ఒక్కర్తే నర్సీపట్నం రోడ్డు స్టేషన్లో రైలెక్కింది. మర్నాడు పరీక్ష కాగానే సాయంత్రం పాసైనవాళ్ల జాబితా చెన్నైలో బోర్డు మీద పెడతారని చెప్పి వెళ్లింది. ఇరవై నాలుగున నాలుగింటి నుంచే ఆడవాళ్లు ముగ్గురూ అరుగు మీద, మధ్యలో స్టూలు మీద ఫోను.

"అన్నం తిన్నారా అని అడిగిందంటే పరీక్ష పోయినట్టే" అంది రామాయమ్మ.

అప్పలలక్ష్మి పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. అయిదున్నర దాటాక ఫోన్ మోగింది. ఎత్తి స్పీకరు నొక్కింది.

"అమ్మా, పాస్."

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఏటీ అడక్కుండా ముందే సెప్పీసిందంటే ఏదో దాస్తన్నాది" అంది రామాయమ్మ.

"దాచలేదు మామ్మా! జాబితాలో నా పేరుంది, ఫోటో తీశాను."

అప్పుడు అప్పలలక్ష్మికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. గౌతమి గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోయింది. మళ్లీ ఆ కళ్లజోడు ఆయనేనట. ఓడ పేరు నీ ఇష్టం అన్నాడట. ఆపద పిలుపు పూర్తిగా విని తల ఊపి, "సరే, ఇప్పుడు నువ్వు ఒడ్డు మీది స్టేషన్‌వి. సాయం అందింది, అందరూ క్షేమం. ఏం చేస్తావు?" అన్నాడట. ముందెళ్లిన ఇద్దరు ఆ మాటకి, హమ్మయ్య అయిపోయిందనుకుని థాంక్యూ చెప్పి లేచిపోయారట.

"నాను లేవలేదమ్మా. అన్ని ఓడల్నీ పిలిచి, టైము చెప్పి, గున్నమ్మ పేరు చెప్పి, సీలాన్స్ ఫీనీ అన్నాను. ఇది మర్చిపోకుండా ఎవరు నేర్పారమ్మా అన్నాడాయన. ఓడ గల ఆవిడ సర్ అన్నాను."

గున్నమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "అయితే నాను ఒడ్డున పడ్డట్టేనా?"

"పడ్డారత్తా. ఎనిమిదిమందీ."

ఫోన్ పెట్టగానే అప్పలలక్ష్మి భర్తకి చేసింది. సత్తిరాజు పంపుసెట్ల మెకానిక్కు, ఆ వేళ నాతవరం దగ్గర పొలంలో మోటారు విప్పుకుని కూర్చున్నాడు. పాస్ అన్న ఒక్క మాటే చెప్పాలనుకుంది. కానీ ముక్కు ఎగబీలుస్తుంటే నోట్లోంచి ఇరవై అయిదేళ్ల అలవాటు వచ్చింది.

"ఏటండీ, అన్నం తిన్నారేటి?"

అవతల పానా ఏదో నీళ్లలో పడ్డ చప్పుడైంది. "ఏటయ్యిందే? పిల్లకేటయ్యింది? ఏడుస్తన్నావేటి?"

"ఏటీ అవలేదండీ..." అంది అప్పలలక్ష్మి.

"ఓలమ్మో! ఏటీ అవలేదంటన్నావా!"

గున్నమ్మ ఫోన్ లాక్కుంది. "సత్తిరాజూ, పిల్ల పాసయ్యినాది. నా ఓడ ఒడ్డెక్కినాది. బేగి ఇంటికి రా" అని కట్ చేసి, ఫోన్ అప్పలలక్ష్మి చేతిలో పెట్టింది.

"సూసినావా? కబురు సెప్పడమంటే అలగ. ఇప్పుడు టీ ఎట్టు, తాగుతాను."