అంగిలి కింద కాపురం

నేను ఒక పై పళ్ళ సెట్టుని. పద్నాలుగు పళ్ళు, గులాబీ రంగు చిగుళ్ళు, అంగిలిని మొత్తం కప్పే రేకు. టెక్కలిలో డాక్టర్ హేమసుందరి కొలతలు తీయించి నన్ను దాలమ్మ నోట్లో పెట్టింది. ఆ నోట్లో నాకొక సవతి ఉందని ఆ రోజే తెలిసింది. దాని పేరు చుట్ట.

దాలమ్మది అడ్డపొగ. అంటే నిప్పున్న కొసను నోటి లోపల పెట్టుకుని పీల్చడం. నిప్పు తగిలితే నేను మాడిపోతానని నన్ను తీసి గ్లాసులో పడేసేది. పేరంటానికి నేను, ప్రాణానికి చుట్ట. నుదుటి రాతను తిట్టుకుందామంటే నాకు నుదురు కూడా లేదాయె.

అయినా ఆ అంగిలి సంగతి నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. మూడో ఏట అక్కడ మినపగింజంత నల్లమచ్చ లేచింది. పొగ మసే అనుకున్నాను. అది శనగగింజంత అయి నన్ను కిందికి నెట్టసాగింది. పళ్ళున్నాయి గానీ మాట లేనిదాన్ని, ఏం చేయను? జారాను. మనవరాలి సీమంతంలో అక్షింతలు వేసి దీవిస్తుంటే జారి గాజుల పళ్ళెంలో పడ్డాను. దొంగను వదిలేసి అరిచిన కుక్కను కొట్టినట్టు తిట్లన్నీ నాకే.

తర్వాత వాళ్ళు చేసిన ఘనకార్యం వినండి. రోగి ఇంట్లో కూర్చుని నన్ను వైద్యానికి పంపింది! భర్త తవిటయ్య నన్ను టిఫిన్ డబ్బాలో పెట్టి బస్సెక్కాడు. డాక్టరమ్మ కాస్త అరగదీసింది. మళ్ళీ జారాను. మళ్ళీ డబ్బా, మళ్ళీ బస్సు. మూడోసారి ఆమె నన్ను అటూ ఇటూ తిప్పి చూసి డబ్బా మూత పెట్టేసింది.

"తాతగారూ, దీనికి ఏ రోగమూ లేదు. నోరు తీసుకురండి."

నోరు వచ్చింది, గొణుక్కుంటూ. లైటు వేసి చూసిన డాక్టరమ్మ ముఖంలో నవ్వు పోయింది.

"నల్లగుంటే ఏటమ్మా? అడ్డపొగ తాగే నోరు తెల్లగుంటాదా?" అంది దాలమ్మ.

"మసి ఇలా ఉబ్బదు మామ్మా."

విశాఖలో ముక్క తీసి పరీక్షించారు. మెలనోమా అట. మామూలుగా చర్మం మీద పుట్టే క్యాన్సర్. ఎప్పుడో అరుదుగా, ఎండ మొహమే ఎరగని నోట్లోనో ముక్కులోనో కూడా పుడుతుందట. ఇక సవతి పని అయిపోయిందని సంబరపడ్డాను. తీరా చూస్తే, చుట్ట వల్లే వచ్చిందని చెప్పలేం, ఇన్నాళ్ళూ మచ్చను దాచిపెట్టింది మాత్రం అదే అన్నారు పెద్ద డాక్టరు. ఇంకొన్నాళ్ళు ఆగి ఉంటే మా చేతుల్లో ఉండేది కాదన్నారు. తవిటయ్య ఖాళీ టిఫిన్ డబ్బాను గుండెకు హత్తుకుని ఏడ్చాడు. నాకూ భయం వేసింది.

అంగిలిలో కొంత తీసేశారు. ఆ కంతను మూసే కొత్త సెట్టు వచ్చింది, నా ఉద్యోగం ఊడింది. చుట్టలు మానేశాక ఖాళీ అయిన పెట్టెలో ఇప్పుడు నా మకాం. మూడు నెలలకోసారి పరీక్షకు రమ్మన్నారు. దాలమ్మ ఇప్పుడు నోటితో సహా వెళ్తోంది.

నిన్న పొద్దున్న అలవాటు కొద్దీ పెట్టెలో చేయి పెట్టింది. నేను తగిలాను. విసిరికొడుతుందనుకున్నాను. అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది.

"నువ్వు సెప్తానే ఉన్నావు. నానే ఇనుకోలేదు," అంది, కొత్త పళ్ళతో కాస్త నత్తిగా.

ఇన్నేళ్ళు కాపురం చేశాక ఆ నోటి నుంచి నాకొక మంచి మాట రావడం అదే మొదలు.