లాపాజ్‌లో వేసిన లంగరు

నేను ఒక లంగరుని. మెక్సికోలో, ఎన్సెనాడా రేవు దగ్గర ఒక కొలిమిలో పుట్టాను. మొదట నన్ను కొన్న చేపలవాడు తాగుడు ముదిరి పడవతో సహా అమ్ముకున్నాడు. తర్వాత ఒక పాత షికారు పడవకి, అదే యాట్‌కి, చేరాను. దాన్ని విశాఖపట్నం నుంచి వచ్చిన నరహరిగారు కొన్నారు. ఓడల్లో కెప్టెన్‌గా చేసి రిటైరైన మనిషి. నాకు తెలుగు అబ్బింది ఆయన తిట్లవల్లే.

ఆయన ఉద్యోగమున్నన్నాళ్లూ భార్య సుభద్రమ్మని ఇంట్లో వదిలి లోకమంతా తిరిగారు. ఇప్పుడామె గుండె చెడింది, డాక్టర్లు చేతులెత్తేశారు. ఏం కావాలని అడిగితే, పెళ్లైన కొత్తలో ఆయన కథలు కథలుగా చెప్పిన మెక్సికో రేవు లాపాజ్‌లో, సముద్రం ఒడ్డున ఆయన చెయ్యి పట్టుకుని ఒక్క సాయంత్రం నడవాలంది. అందుకే వచ్చాం.

లాపాజ్ తాపీగా బతికే ఊరు. మధ్యాహ్నం కొట్లు కట్టేసి కునుకు తీస్తారు, సాయంత్రం పిల్లాజెల్లాతో ఒడ్డున షికారు చేస్తారు. అక్కడ కంగారు పడింది మా కెప్టెనొక్కరే.

లంగరు వేశాక ఒడ్డున రెండు గుర్తులు చూసుకుని, అవి ఒకే వరసలో ఉంటే లంగరు జారలేదని నమ్మి, అప్పుడే ఒడ్డుకి దిగడం ఆయన అలవాటు. ఇక్కడ ఒక చర్చి గోపురాన్ని, దాని ముందున్న ఖర్జూరపు చెట్టుని పెట్టుకున్నారు. కానీ ఆ అఖాతంలో గాలి ఒకవైపు, పోటు ఒకవైపు లాగి, కట్టేసిన పడవలు కూడా గుండ్రంగా తిరుగుతుంటాయి. గుర్తులు వరసలో నిలవవు. నేను బురదని కరుచుకునే ఉన్నా, జారిపోతున్నానని ఆయన రోజూ నన్ను పైకి లాగి మళ్లీ వేసేవారు. పక్క యాట్‌లోని ఎస్తేబాన్, రిటైరైన పళ్ల డాక్టరు, ఇక్కడ అందరి పడవలూ ఇంతేనని, వెళ్లి రండి నేను చూస్తుంటానని చెప్పాడు. పళ్ల డాక్టరుకి సముద్రం సంగతేం తెలుసని మా ఆయన నవ్వి ఊరుకున్నారు.

సుభద్రమ్మ రోజూ సాయంత్రం చీర మార్చుకుని డెక్ మీద కూర్చునేది.

"పడవ పోతే పోనిద్దురూ. వెళ్దాం రండి," అంది ఒకరోజు.

"రేపు తప్పకుండా వెళ్దాం సుభద్రా. ఇది కాస్త కుదురుకోనీ."

నోరుంటే నేను పట్టుకునే ఉన్నానని ఒక్క మాట చెప్పేదాన్ని. ఇనుముకి నోరెందుకు పెడతారు!

మర్నాడు సాయంత్రం ఆయన మళ్లీ నన్ను లాగుతున్నారు. ఇదే ఆఖరిసారి అని ఆమెకి వినబడేలా అంటున్నారు. నేను బురదోడుతూ పైకి తేలేసరికి ఆమె ఒడ్డు వైపు చూస్తూ కుర్చీలోనే చనిపోయి ఉంది. నన్ను అలాగే నీళ్లలోకి వదిలేశారు. గుర్తులు చూసుకోలేదు.

ఎస్తేబాన్ పడవలో ఆమెని ఒడ్డుకి తీసుకెళ్లారు. ఆ తర్వాత చాలా రోజులు యాట్‌లో ఎవరూ లేరు. పెద్ద గాలులు వీచాయి. నేను వదల్లేదు.

ఆయన తిరిగి వచ్చేసరికి యాట్ ఎక్కడిది అక్కడే ఉంది. ముందు భాగంలో చతికిలబడి గొలుసు పట్టుకున్నారు.

"కదల్లేదు సుభద్రా," అన్నారు. "ఇది అసలు కదల్లేదు."

నన్ను పైకి లాగడానికి ఆయనకి చేతులు రాలేదు. గొలుసుని పడవ నుంచి విప్పి, అంతా నీళ్లలోకి జారవిడిచి, యాట్‌తో వెళ్లిపోయారు. ఎటు వెళ్లారో తెలియదు. ఇప్పుడు నా మీద ఏ పడవా ఆధారపడి లేదు. ఊళ్లోవాళ్లు ఈ సాయంత్రం కూడా ఒడ్డున నడుస్తూ ఉంటారు. నేను బురదని కరుచుకుని ఉన్నాను. వదలడం నాకు చేతకాదు.