చిలకమ్మ ఉలవల కుండ

ఆనందపురం దగ్గర ఓ ఊళ్లో పొద్దు పొడిస్తే పశువులు కొండెక్కుతాయి, పొద్దు వాలితే దిగుతాయి. అవి దిగే వేళకి చిలకమ్మ నానబెట్టిన ఉలవల కుండని వాకిట్లో పెట్టుకుని, దాని ఎదురుగా కూర్చుంటుంది. పొయ్యి లేదు, పుల్ల లేదు. ఆవిడ కోపానికే కుండ కుతకుతా ఉడుకుతుంది. పక్కింటి కాశమ్మ తన ఉలవలు కూడా పట్టుకొచ్చి, "వదినా, ఇయాల కోపంగానే ఉన్నావు కదా?" అని అడిగి మరీ పోసి పోతుంది.

కోపం రాక మరేమొస్తుంది? మొగుడు నీలకంఠం పట్నంలో పోర్టు కళాసీ. వారానికోసారి బస్సు దిగి, తవుడు బస్తా మోసుకొచ్చి గేదె ముందు దించుతాడు. గేదె పాలు పట్నం పోతాయి మరి! ఏడాదిన్నర ఈడు ఎర్ర గిత్తకి మాత్రం గుప్పెడు విదల్చడు. ఎండాకాలం కొండ మీద ఏముంటుంది, చీపురుపుల్లల్లాంటి గడ్డి తప్ప? దాని పక్కటెముకలు వీధిలోంచే కనిపించేవి.

"ఎదిగీదానికి కొండుంది. పాలిచ్చీదానికే తవుడు," అనేవాడు. "ఎదగనేదంటే కబేళా లారీ ఎక్కించీడమే."

"ఎదిగీ ఈడులో ఎట్టకపోతే ఇంకెప్పుడెడతావు? మా పుట్టింట్లో నన్నూ ఇలాగే పెంచినారు. అన్నలు తినీసి లేచినాక గిన్నె అడుగు గీరుకున్నదే నాను!" అని చిలకమ్మ అరిచేది. కుండ పొంగి పొర్లేది. గిత్తకి ఆ ఉలవలే ప్రాణం నిలబెట్టాయి.

కుక్కతోక వంకర ఊరికే పోతుందా! ఓ గురువారం నీలకంఠం పూర్ణా మార్కెట్ నుంచి మల్లెపూలు తెచ్చి, "ఏటే సిలకా, ఎంతకాలమే ఈ కోపం?" అంటూ జడలో తురిమాడు. చిలకమ్మ ఫక్కున నవ్వేసింది. అంతే, కుండ చల్లారిపోయింది. గిత్త ఆ రాళ్లలాంటి ఉలవల్ని మూతితో కదిపి, ఖాళీ కడుపుతో పడుకుంది.

తెల్లారేసరికి వాకిట్లో కబేళా లారీ. పూలెందుకో చిలకమ్మకి అప్పుడు తెలిసింది. అప్పటికే డ్రైవరు అబ్బులు గిత్తని పైకెక్కించేశాడు.

ఆవిడ జడలో పూలు పీకి మొగుడి మొహాన కొట్టింది.

"సిగ్గు నేదూ! నోరు నేనిదాని కడుపు కొట్టి, బక్కదని అమ్మీస్తావా?"

పోయి లారీ ముందు నిలబడింది. రేడియేటరు బుసబుసా పొంగింది. అబ్బులు బావి నీళ్లు తెచ్చి పోస్తే అవీ మరిగిపోయాయి. ఇక వాదన పెట్టుకోలేదు వాడు. బీడీ వెలిగించి, "బావా, మీ ఇంటిది సల్లారీదాక బండి కదల్దు. దించీ గిత్తని," అన్నాడు. అది నేల మీద కాలు మోపాకే చిలకమ్మ పక్కకి తప్పుకుంది, లారీ కదిలింది.

ఆ సాయంత్రం గిత్త కొండ దిగేసరికి, నీలకంఠం గేదె బస్తా విప్పి, ఉడికిన ఉలవల్లో తట్టెడు తవుడు తన చేత్తోనే కలిపాడు. గిత్త తల ఎత్తకుండా తింది.

"ఇంకా కోపమేనేటే?" అన్నాడు, బెదురుతూ.

చిలకమ్మ కుండ మీంచి చూపు తిప్పలేదు.

"అది ఎదిగీదాక."